311 పోయింది, ఆ రాత పోలేదు: దీర్ఘకాలిక డిప్రెషన్ కోడింగ్ నేపథ్యం

విజయవాడ, గుంటూరుల్లో అమెరికా రోగుల చార్టులు చూసి జబ్బులకు కోడ్లు వేసే మెడికల్ కోడర్లకు రోజూ తగిలే చిక్కు, డాక్టరు రాసిన అసెస్‌మెంట్‌లో ఒంటరిగా కనిపించే ‘డిప్రెషన్’ అనే మాట. ఎన్నాళ్లుగా, ఎంత తీవ్రంగా, మొదటిసారా మళ్లీనా అన్నవేవీ ఉండవు. జబ్బుల కోడ్ల పాత పట్టిక ఐసీడీ-9 రోజుల్లో ఆ ఒక్క మాటకు 311 అనే కోడ్ సరిపోయేది. అలా రాయడం అప్పుడే పాతుకుపోయింది.

2015 అక్టోబర్ 1న అమెరికా కొత్త పట్టిక ఐసీడీ-10-సీఎంకి మారింది. 311 పోయి, ఉత్త ‘డిప్రెషన్’ ఎఫ్32.9కి చేరింది. ఆ కోడ్ అర్థం ‘మేజర్ డిప్రెషన్, ఒకే ఎపిసోడ్’. డాక్టరు అనని మాట రోగి రికార్డులోకి ఎక్కింది. దాన్ని సరిదిద్దడానికి ఆరేళ్లు పట్టింది: 2021 అక్టోబర్ 1న ఉత్త ‘డిప్రెషన్’ కోసమే ఎఫ్32.ఎ వచ్చింది.

దీర్ఘకాలిక డిప్రెషన్‌ది వేరే దారి. 1980లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-3, ఏళ్ల తరబడి ఉండే తేలికపాటి డిప్రెషన్ అయిన డిస్థైమియాను చేర్చింది. 2013లో డీఎస్ఎం-5 దాన్ని, ఏళ్ల తరబడి సాగే మేజర్ డిప్రెషన్‌తో కలిపి ‘పర్సిస్టెంట్ డిప్రెసివ్ డిజార్డర్’ అంది. పెద్దలకు రెండేళ్లు, పిల్లలకు ఏడాది లక్షణాలుండాలి. మధ్యలో రెండు నెలలకు మించి తెరిపి ఉండకూడదు. కోడ్ ఎఫ్34.1.

కొత్తగా చేరినవాళ్లు తప్పేది ఇక్కడే. ‘క్రానిక్’ అని చూడగానే ఎఫ్33 వేసేస్తారు. ఎఫ్33 తగ్గి తిరగబెట్టే జబ్బుకు. రెండు ఎపిసోడ్ల మధ్య కనీసం రెండు నెలల ఎడం కావాలి. ఎడతెగకుండా సాగేది ఎఫ్34.1. పైగా ఇందులో డబ్బు కూడా ఉంది. అమెరికా వృద్ధుల బీమా మెడికేర్ అడ్వాంటేజ్‌లో, రోగుల జబ్బులను బట్టి బీమా కంపెనీకి చెల్లింపు తేల్చే రిస్క్ లెక్కలో ఎఫ్34.1కి విలువ లేదు. 2024 నుంచి దశలవారీగా వచ్చిన ఆ లెక్క కొత్త రూపం వీ28లో మైల్డ్ మేజర్ డిప్రెషన్‌కూ విలువ పోయింది. మోడరేట్, సివియర్ నిలిచాయి. అందుకే తీవ్రత రాయని చార్టుకు తీవ్రత తగిలించాలన్న ఒత్తిడి పుడుతుంది. దానికి లొంగకూడదు. ఆడిట్‌లో డబ్బు వెనక్కి పోవడం ఒకటైతే, లేని జబ్బు పేరు ఒక మనిషి వెంట తిరగడం అంతకంటే పెద్ద తప్పు.

డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 16 స్కోరు వచ్చిందని కోడరు తీవ్రత నిర్ణయించకూడదు. మందుల జాబితాలో డిప్రెషన్‌కు వాడే సెర్ట్రాలిన్ ఉందని జబ్బు పేరు ఊహించకూడదు. రెండూ డాక్టరుకు క్వెరీ, అంటే వివరణ అడిగే ప్రశ్న, పంపడానికి ఆధారాలు, అంతే. ఆ క్వెరీలో స్కోరు, తేదీ, మందు డోసు పెట్టి, వాటికి సరిపడే రోగనిర్ధారణలతో పాటు ‘ఇతరం’, ‘నిర్ధారించలేం’ కూడా ఇవ్వాలి. కావలసిన జవాబును ప్రశ్నలోనే అందించే క్వెరీ చెల్లదు. జవాబు రాకపోతే ఎఫ్32.ఎతోనే చార్టు మూయాలి.