ఫీల్డ్ వర్క్‌కు ముందు పోలీస్ వెరిఫికేషన్, ఆరోగ్య పరీక్షలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) విద్యార్థులకు ఫీల్డ్ వర్క్ ఏజెన్సీలు, అంటే వారు క్షేత్రస్థాయి శిక్షణ పొందే సంస్థలు, కేటాయించే రోజుల్లో ఏటా ఇవే సందేహాలు వస్తుంటాయి. పోలీస్ వెరిఫికేషన్ అడగగానే తమను అనుమానిస్తున్నారని కొందరు నొచ్చుకుంటే, ఏదో ఒక కాగితం ఫైలులో పెడితే సరిపోతుందని మరికొందరు అనుకుంటారు. ఫీల్డ్ వర్క్ పర్యవేక్షకురాలిగా నేను తరచూ వినే అపోహలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: మేము ఉద్యోగులం కాము, మాకు వెరిఫికేషన్ అక్కర్లేదు.

వాస్తవం: పిల్లలు నివసించే, లేదా పిల్లలతో నిత్యం వ్యవహరించే ప్రతి సంస్థా తన సిబ్బందికి, వారు పర్మినెంటు అయినా కాంట్రాక్టు అయినా, నిర్ణీత కాలానికోసారి పోలీస్ వెరిఫికేషన్ జరిపించాలని పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద వచ్చిన 2020 నాటి నియమాలు చెబుతున్నాయి. అందులో విద్యార్థుల ప్రస్తావన విడిగా లేకపోయినా, సిబ్బంది తిరిగే గదుల్లోనే, అదే పిల్లలతో పనిచేసే విద్యార్థిని కూడా హోములు, పాఠశాలలు అదే పత్రం అడగడం సమంజసమే. నియమంలోని ‘ఉద్యోగి’ అన్న మాటను పట్టుకుని మినహాయింపు కోరడం ఈ వృత్తిలోకి వస్తున్నవారికి తగదని నా అభిప్రాయం.

అపోహ: పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) ఉంటే చాలు.

వాస్తవం: అది విదేశాలకు వెళ్లేవారి కోసం ఇచ్చేది. ఇక్కడి ఏజెన్సీల కోసం తెలంగాణ పోలీసుల వెరిఫికేషన్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఆలస్యం ఎక్కువగా చిరునామా దగ్గరే జరుగుతుంది. ఆధార్‌లో ఖమ్మం జిల్లాలోని ఊరు, దరఖాస్తులో తార్నాక హాస్టలు ఉంటే విచారణ ఎటూ తేలక ఆగిపోవచ్చు కనుక, రెండు చిరునామాలూ రాసి, వార్డెన్ ఇచ్చిన లేఖ జతచేయడం మేలు. బ్రిటన్‌లో సోషల్ వర్క్ చదవబోయేవారి సంగతి వేరు. అక్కడ నేర చరిత్రను చూసే డీబీఎస్ తనిఖీలో ఇతర దేశాల నేర రికార్డులు కనిపించవు కాబట్టి సికింద్రాబాద్ పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పీసీసీ వారికి అవసరం పడుతుంది.

అపోహ: మైనరుగా ఉన్నప్పుడు కేసు నమోదైతే ఈ చదువుకు దారి మూసుకున్నట్టే.

వాస్తవం: 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, బాల్యంలో జరిగిన నేరం కారణంగా ఎవరికీ అనర్హత కలగకూడదు, పదహారేళ్లు దాటి, ఘోర నేరంలో పెద్దలతో సమానంగా విచారణ ఎదుర్కొని దోషులుగా తేలినవారు మాత్రమే దీనికి మినహాయింపు. ముగిసిన కేసులకు సంబంధించి బాలల రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు వెల్లడించరాదని 74వ సెక్షన్ చెబుతోంది. పునరావాసం గురించి తరగతిలో పాఠం చెప్పి, ఆ పునరావాసం పొందిన విద్యార్థినే గేటు దగ్గర ఆపితే మనం చెప్పిన పాఠానికి విలువేముంది?

అపోహ: మాంటూ పరీక్ష (టీబీ కోసం చర్మంపై చేసే పరీక్ష) పాజిటివ్ వస్తే టీబీ ఉన్నట్టే, ఫీల్డ్ వర్క్ రద్దయినట్టే.

వాస్తవం: ఎక్కువమంది కంగారుపడేది ఇక్కడే. ముంజేతి చర్మంలోకి 0.1 మిల్లీలీటరు మందు ఎక్కించి, 48 నుంచి 72 గంటల మధ్య చూస్తారు. కొలవాల్సింది ఎరుపును కాదు, వేలితో తాకితే గట్టిగా తగిలే వాపు వెడల్పును. ఎర్రబడిన చేతిని ఫోటో తీసి పంపి ‘మేడమ్, పాజిటివ్ వచ్చేసింది’ అనేవారికి నేను మొదట చెప్పేది ఇదే. బుధవారం వేయించుకుంటే శుక్ర, శనివారాల్లో చూపించవచ్చు. శుక్రవారం వేయించుకుంటే మధ్యలో ఆదివారం అడ్డొస్తుంది. ఫలితం నిజంగా పాజిటివ్ అయినా, క్రిమి ఎప్పుడో శరీరంలోకి ప్రవేశించిందని మాత్రమే అది సూచిస్తుంది. బీసీజీ టీకా ప్రభావం కూడా కొంత ఉండవచ్చు. నిద్రాణంగా ఉన్న క్రిమి ఇతరులకు సోకదు. లక్షణాలు, ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే కళ్లె పరీక్ష చూశాకే డాక్టరు వ్యాధి ఉందో లేదో నిర్ధారిస్తారు. వ్యాధి ఉన్నా ప్రభుత్వ కేంద్రాల్లో మందులు ఉచితం. డాక్టరు అనుమతించేవరకు ఫీల్డ్ వర్క్ వాయిదా వేస్తే సరిపోతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారుండే ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్లకు వెళ్లే విద్యార్థికి ఈ పరీక్ష ఎందుకో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

అపోహ: హెపటైటిస్-బి టీకా వెళ్లే ముందు వారం వేయించుకుంటే చాలు.

వాస్తవం: సాధారణంగా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు పడాలి. కాబట్టి కోర్సులో చేరగానే మొదలుపెట్టాలి.

అపోహ: ఏజెన్సీ అడిగితే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోవాల్సిందే.

వాస్తవం: 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం చదువుకు గాని, ఉద్యోగానికి గాని ఈ పరీక్షను షరతుగా పెట్టకూడదు, వ్యక్తి సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. నిజానికి ఏజెన్సీకి డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ సరిపోతుంది. ల్యాబ్ రిపోర్టులను తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టమని అడిగే అలవాటును మాత్రం కళాశాలలు వెంటనే మానుకోవాలి.

అపోహ: సర్టిఫికెట్ వస్తే పిల్లల భద్రతకు ఇక ఢోకా లేదు.

వాస్తవం: పోలీసుల దాకా రాని విషయం వారి రికార్డులో ఉండదు. అందుకే వెరిఫికేషన్ పూర్తయిన విద్యార్థి కూడా మూసిన గదిలో పిల్లలతో ఒంటరిగా కూర్చోకూడదు, వారి ఫోటోలు తీయకూడదు, సొంత ఫోన్ నంబరు ఇవ్వకూడదు. లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం కలిగినా పోలీసులకు తెలపడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎవరికైనా బాధ్యతే. ఫీల్డ్ వర్క్ విద్యార్థికి అందులో మినహాయింపు లేదు.