పసిపిల్లల బడిలో సమానత్వం: టీచర్‌గా నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను ఒకటి, రెండు తరగతులకు చెప్పే టీచర్ని. మొదట్లో కనిగిరి వైపు చేశాను, ఇప్పుడు ఉలవపాడు దిక్కు సముద్రానికి దగ్గరగా ఉన్న బడిలో చేస్తున్నాను. పట్టపుపాళెం (చేపలు పట్టేవాళ్ళ వాడ) పిల్లలు, గిరిజన కాలనీ నుంచి వచ్చే యానాది పిల్లలు, ఊళ్ళో రైతుల పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే పిల్లలు, అందరూ మా తరగతిలో ఒకే చాప మీద కూర్చుంటారు. బడిలో సమానత్వం గురించి మాట వచ్చినప్పుడల్లా తోటి టీచర్ల దగ్గర, తల్లిదండ్రుల దగ్గర కొన్ని మాటలు మళ్ళీ మళ్ళీ వింటుంటాను. ఆ మాటలు పిల్లలకు ఎంత చేటు చేస్తున్నాయో చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

అపోహ: ఇంత పసివాళ్ళకు కులం, రంగు, ఆడామగా తేడాలు ఏం తెలుస్తాయి? మనం చెప్పి గుర్తు చేయడమే తప్పు.

వాస్తవం: తెలుస్తాయి. మనం నోరు తెరవకముందే తెలుస్తాయి. 1940లలో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే దంపతులు 3 నుంచి 7 ఏళ్ళ నల్లజాతి పిల్లల ముందు రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మలు పెట్టి, వీటిలో మంచి బొమ్మ ఏది, చెడ్డ బొమ్మ ఏది అని అడిగారు. ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నారు. 1954లో అక్కడి సుప్రీంకోర్టు బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని తీర్పు ఇచ్చినప్పుడు ఈ పరిశోధనల ప్రస్తావన కూడా వచ్చింది. మన దగ్గర దీనికి పరిశోధన కూడా అక్కర్లేదు, ఆటల పీరియడ్‌లో ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవడానికి వెనకాడుతున్నారో పది నిమిషాలు గమనించండి చాలు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరికి వేరే గ్లాసులో నీళ్ళిస్తారో అయిదేళ్ళ పిల్ల చూస్తూనే ఉంటుంది. మనం బడిలో ఏమీ మాట్లాడకపోతే ఇంట్లో చూసిందే సరైనదని అనుకుంటుంది.

అపోహ: తరగతిలో వస్తువు పోతే "ఎవరు తీశారు" అని అడగడం మామూలే, అందులో వివక్ష ఏముంది?

వాస్తవం: నా దృష్టిలో చిన్న తరగతుల్లో అన్నిటికంటే ఎక్కువ గాయం చేసేది ఇదే. రబ్బరు కనబడలేదని ఒక పిల్లవాడు ఏడుస్తాడు, టీచర్ "ఎవర్రా తీసింది" అంటుంది, వెంటనే నాలుగు వేళ్ళు కాలనీ పిల్లవాడి వైపు లేస్తాయి. వాడు తీశాడా లేదా అని ఎవరూ ఆలోచించరు. ఆ వేళ్ళు అలా లేవడం వెనుక పెద్ద చరిత్ర ఉంది. బ్రిటిష్ కాలంలో నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వాళ్ళ మీద, యానాదుల మీద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు. 1952లో ఆ చట్టం రద్దయింది. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ఈ ముద్ర పోగొట్టడానికి, యానాదుల బాగు కోసం ఏళ్ళ తరబడి పనిచేశారు. చట్టం పోయింది గానీ ఆ ముద్ర మాత్రం ఇంకా మన తరగతి గదుల్లో తిరుగుతూనే ఉంది.

మా గదిలో పద్ధతి ఇది. కిటికీ పక్కన మూత లేని ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది, ఎవరికి ఏది దొరికినా అందులో వేయాలి. పోయిందని ఎవరైనా వస్తే "ఎవరు తీశారు" అనను, "చివరిసారి ఎక్కడ వాడావు?" అని అడుగుతాను. తర్వాత అందరం కలిసి వెతుకుతాం, నాతో సహా. రబ్బరు మామూలుగా ఆ పిల్లవాడి పుస్తకం మడతలోనో, చాప కిందో, వాడి జేబులోనో దొరుకుతుంది. ఒక్కోసారి దొరకదు కూడా. అప్పుడు డబ్బాలో నుంచి ఇంకొకటి ఇస్తాను, ఎవరి బ్యాగూ వెతికించను. ఒక పిల్లవాడి బ్యాగు అందరి ముందు దులిపితే, అందులో ఏమీ దొరక్కపోయినా, ఆ పిల్లవాడు మరుసటి రోజు నుంచి బడికి రావడం మానేసే ప్రమాదం ఉంది.

అపోహ: అందరినీ ఒకేలా చూస్తే చాలు, అదే సమానత్వం.

వాస్తవం: అందరికీ ఒకే పాఠం, ఒకే వేగం అంటే వినడానికి బాగుంటుంది. కానీ రొయ్యల గుంటల దగ్గర కాపలా పనికి అమ్మానాన్న పోతే వాళ్ళతో పాటే వెళ్ళి పది, పదిహేను రోజుల తర్వాత తిరిగొచ్చిన పిల్లకు, రోజూ వచ్చే పిల్లకు ఒకే పేజీ తెరిచి చదవమంటే ఎలా? ఆ పిల్లకు ముందు పోయిన పాఠాలు అందివ్వాలి. సరిగా వినపడని పిల్లవాడు నా పెదాలు కనిపించే చోట కూర్చోవాలి, నేను బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు. వీళ్ళకు ఎక్కువ సమయం ఇస్తే మిగతావాళ్ళకు అన్యాయం చేసినట్టు కాదు.

అపోహ: వైకల్యం ఉన్న పిల్లలు స్పెషల్ స్కూల్లోనే ఉండాలి, మామూలు బడిలో ఉంటే అందరి చదువూ చెడుతుంది.

వాస్తవం: 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరించిన 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు దగ్గరి బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఎంపిక పిల్లలది, తల్లిదండ్రులది, మనది కాదు. తరగతి చెడుతుందనే భయానికి నేను చెప్పే జవాబు గోడ మీద ఉన్న బొమ్మల టైమ్‌టేబుల్. ప్రార్థన, పాఠం, అన్నం, ఆట, ఇల్లు అని వరసగా బొమ్మలు వేసి అతికించాం. తర్వాత ఏం జరుగుతుందో తెలియక గాభరా పడే ఒక పిల్లవాడి కోసం మొదలుపెట్టింది, ఇప్పుడు "మేడమ్, అన్నం ఎప్పుడు?" అని అడిగేవాళ్ళంతా దాన్నే చూసుకుంటున్నారు. మండలంలో భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఎక్కడుందో కనుక్కోండి, అక్కడి టీచర్‌ను మీ తరగతికి పిలిచి సలహా తీసుకోండి.

అపోహ: కుంటోడు, నత్తోడు, గారపళ్ళోడు అనేది ముద్దుగా పిలవడమే.

వాస్తవం: పిలిచేవాళ్ళకు ముద్దేమో, పిలిపించుకునేవాళ్ళకు కాదు. కనిగిరి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య చాలా కాలంగా ఉంది, పళ్ళు ఏర్పడే వయసులో ఆ నీళ్ళు తాగిన పిల్లలకు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. అవి తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావు, ఎంత తోమినా పోవు, ఒకరి నుంచి ఒకరికి అంటవు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలను అక్కడ చాలామందిని చూశాను. ఈ సంగతి నీళ్ళ పాఠంలో భాగంగా తరగతి మొత్తానికీ చెప్పాలి. పిల్లల్ని మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం, టీచర్ నోటి నుంచి వచ్చే మారుపేరుకు కూడా అది వర్తిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: ఫ్యాన్సీ డ్రెస్, "భిన్నత్వంలో ఏకత్వం" చార్టు ఉంటే వైవిధ్యం నేర్పినట్టే.

వాస్తవం: ఆగస్టు 15కు ఒకరికి కోయదొర వేషం, ఒకరికి ఎరుకలసాని వేషం వేయిస్తాం. ముఖానికి నల్లరంగు, ఆకుల పావడా, వచ్చీరాని యాసలో నాలుగు డైలాగులు, అందరూ పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వే గుంపులో నిజంగా గిరిజన కుటుంబం నుంచి వచ్చిన పిల్ల ఎలా కూర్చుందో ఒక్కసారి చూడండి. దయచేసి ఆ వేషాలు మానేద్దాం. దానికి బదులు ఎండ్రకాయలు ఏ బొరియలో ఉంటాయో, వల ఎలా అల్లుతారో, మామిడితోటలో కాపు ఎప్పుడొస్తుందో ఆ ఇంటి పెద్దలే వచ్చి చెబితే పిల్లలు నోరెళ్ళబెట్టి వింటారు. తన తాత టీచర్ కుర్చీ పక్కన నిలబడి చెబుతుంటే ఆ పిల్లకు ఎంత గర్వమో!

అపోహ: ముగ్గులు ఆడపిల్లలకు, బెంచీలు మోయడం మగపిల్లలకు. సహజమే కదా.

వాస్తవం: సహజం కాదు, అలవాటు. పనుల పట్టిక పెట్టి వారం వారం మార్చండి. చీపురు అందరి చేతికీ రావాలి.

అపోహ: ఇలాంటివి చేస్తే తల్లిదండ్రులు ఒప్పుకోరు.

వాస్తవం: కొందరు గొడవకొస్తారు, నిజమే. "ఏంది మేడమ్, మా పాపని ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టినారంట?" అని ఒకామె గేటు దగ్గరే నిలదీసింది. "అవునమ్మా, ఈ వారం ఆ పిల్ల పక్కన. సోమవారం అందరి చోట్లూ మారతాయి, మీ పాపకొక్కదానికే కాదు" అన్నాను. "మాకది పడదు మేడమ్" అంది. "చోటు మార్చడం కుదరదమ్మా, కావాలంటే వచ్చి తరగతిలో కూర్చుని చూడండి" అని చెప్పాను. రాలేదు గానీ పాపను బడి మాన్పించలేదు. మెత్తగా మాట్లాడాలి, పద్ధతి మాత్రం మార్చకూడదు. ఒక్కరి కోసం సడలిస్తే రేపు ఇంకో నలుగురు వస్తారు. మధ్యాహ్న భోజనం దగ్గరా అంతే, వండేది ఎవరన్న గొడవ మొదలైతే పెద్దవాళ్ళకు చెప్పడానికి మన దగ్గర గట్టి ఆధారం ఉంది: వంటవాళ్ళుగా దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ముందు టీచర్ ఆ అన్నం పిల్లలతో కలిసి కూర్చుని తినాలి.

అపోహ: ఇంటి భాష బడిలో మాట్లాడనిస్తే తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు.

వాస్తవం: ఉర్దూలో అంకెలు లెక్కపెట్టగలిగిన పిల్లకు లెక్క వచ్చినట్టే, తెలుగు మాట ఒక్కటే నేర్పాలి. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనో మాతృభాషలోనో చెప్పమంటోంది. యాస చూసి నవ్వనివ్వకండి.

అపోహ: బర్త్ సర్టిఫికెట్ లేనివాళ్ళను చేర్చుకుంటే మనకే టెన్షన్.

వాస్తవం: వయసు రుజువు లేదన్న కారణంతో చేర్చుకోకుండా పంపేయడమే చట్టవిరుద్ధం, విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చూడండి. ఏఎన్ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకపోతే తల్లిదండ్రుల అఫిడవిట్‌తో పని జరుగుతుంది. జూన్‌లో కాలనీకి వెళ్ళేటప్పుడు అంగన్‌వాడీ టీచర్‌ను వెంట తీసుకెళ్ళండి, ఏ ఇంట్లో ఏ పిల్ల ఏ నెలలో పుట్టిందో ఆమెకు తెలుసు. చాలా అడ్మిషన్లు అక్కడికక్కడే పూర్తవుతాయి.