ఇంధనం లీకైన నేల, నీటి పరిశోధన: అపోహలు - వాస్తవాలు

లీకైన పెట్రోలో డీజిలో భూమిలోకి దిగాక ఒకే రూపంలో ఉండదు. కొంత మట్టి రేణువుల సందుల్లో ఇరుక్కుంటుంది, కొంత భూగర్భ జల మట్టం దగ్గర పోగవుతుంది, కొంత నీటిలో కరుగుతుంది, కొంత ఆవిరవుతుంది. ఒక రూపాన్ని చూసి మిగతా మూడింటి మీదా తీర్పు చెప్పేయడం వల్లే కింది అపోహల్లో సగం పుట్టాయి.

అపోహ: నీళ్లకు వాసన లేదు, కాబట్టి భయం లేదు.

పెట్రోలులో ఉండే విష పదార్థాల్లో బెంజీన్ ఒకటి. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. దాని వాసన ముక్కుకు తెలియాలంటే దాదాపు 10 మిల్లీగ్రాములుండాలి. అంటే వెయ్యి రెట్లు. పెట్రోలులోని ఇతర పదార్థాల వాసన ముందే తగలొచ్చు గానీ, దాన్ని నమ్ముకుని నీళ్లు తాగలేం.

దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది. నీటి మీద రంగురంగుల పొర కనబడగానే పెట్రోలని కంగారుపడతారు. ఇనుము ఎక్కువున్న నీటిలో బ్యాక్టీరియా కూడా అలాంటి పొర కడుతుంది. పుల్లతో కదిపి చూడండి: బ్యాక్టీరియా పొర పెంకుల్లా విరిగి ముక్కలుగానే ఉండిపోతుంది, నూనె పొర సాగి మళ్లీ కలిసిపోతుంది.

అపోహ: ట్యాంకు టెస్టు పాసైంది, ఇక లీకు లేనట్టే.

అమెరికా నిబంధనల ప్రకారం ట్యాంకు బిగువు పరీక్ష పట్టుకోవాల్సిన లీకు గంటకు 0.1 గ్యాలను, అంటే సుమారు 0.38 లీటరు. అంతకు కాస్త తక్కువగా కారుతూ పోతే ఏడాదికి మూడు వేల లీటర్లు దాటిపోవచ్చు, టెస్టు మాత్రం పాసే. పైగా ట్యాంకు ఒక్కదాన్నే పరీక్షిస్తే పైపుల అతుకులు, పంపు కింది ఫిట్టింగులు, ట్యాంకు నింపేచోట ఒలికింది ఏవీ లెక్కలోకి రావు. స్టాకు లెక్కలూ జాగ్రత్తగా చదవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే పెట్రోలు ఘనపరిమాణం దాదాపు 1 శాతం తగ్గుతుంది, వేడిగా దింపిన లోడు భూమిలో చల్లబడ్డాక లీకైనట్టే కనబడుతుంది.

అపోహ: పరిశీలన బావిలో అర మీటరు పెట్రోలు తేలుతుంటే, నేలలోనూ అర మీటరు పొర ఉన్నట్టే.

ఈ ఒక్క అపోహ వల్ల తప్పుడు అంచనాలు ఎన్ని వస్తాయో చెప్పలేం. పరిశీలన బావి అంటే నీటి మట్టం చూడ్డానికి, నమూనాలు తీయడానికి బోరులో దించిన ఖాళీ పైపు, అక్కడ పెట్రోలు ఒక్కటే నిండుగా నిలబడుతుంది. మట్టి సందుల్లో అది నీటితో, గాలితో చోటు పంచుకుంటుంది. కాబట్టి ఒకే మందం ముతక ఇసుకలో ఒక అర్థం చెబుతుంది, సన్నటి ఒండ్రులో ఇంకో అర్థం.

నీటి మట్టం దిగితే ఇరుక్కున్న ఇంధనం కిందికి జారి బావిలో మందం పెరుగుతుంది. వానలకు మట్టం పైకొస్తే అదే ఇంధనం నీటి కింద మట్టిలో చిక్కుబడి బావిలో మాయమవుతుంది. ఎక్కడికీ పోలేదు, వేసవిలో మళ్లీ తేలుతుంది. పైన బంకమట్టి మూతలా ఉన్న చోట మాత్రం దీనికి విరుద్ధంగా జరగొచ్చు, అందుకే బోరు వేసేటప్పుడు పొరల వివరాలు రాసుకోవడం తప్పనిసరి.

బావి కట్టుబడే తప్పైతే ఇదంతా వృథా. నీరు లోపలికొచ్చే చీలికల పైపు నీటి మట్టానికి పైనా కిందా రెండు వైపులా ఉండాలి: ఏడాదిలో అత్యధిక మట్టానికి పైనుంచి మొదలై, అత్యల్ప మట్టానికి కింద ముగియాలి. మొత్తం నీటిలో మునిగేలా పెడితే తేలే పెట్రోలు లోపలికే రాదు, రిపోర్టులో ‘లేదు’ అని పడుతుంది.

అపోహ: నేల వాలు ఎటుంటే భూగర్భ జలం అటే పోతుంది.

చాలాసార్లు పోతుంది, కానీ దాన్ని ఊహించకూడదు, కొలవాలి. ఒకే వరసలో లేని కనీసం మూడు బావులు కావాలి, మట్టాలు ఒకే రోజు తీయాలి. నీటి మట్టం వాలు వెయ్యికి ఒకటి ఉన్న చోట 30 మీటర్లకు తేడా 3 సెంటీమీటర్లే, ఇక బావి మూతి ఎత్తు సర్వేలో 2 సెంటీమీటర్లు తప్పినా మ్యాపులో ప్రవాహం చూపే బాణం దిశ మారిపోతుంది. తేలే ఇంధనం ఉన్న బావిలో సవరణ కూడా చేయాలి: సాంద్రత 0.75 ఉన్న పెట్రోలు 60 సెంటీమీటర్లుంటే అది నీటిని 45 సెంటీమీటర్లు కిందికి నొక్కి ఉంటుంది. దాన్ని కలపకుండా మ్యాపు గీస్తే లీకైన చోటే గుంటలా కనిపించి, నీరంతా అటే పారుతున్నట్టు ఉంటుంది.

అపోహ: నాలుగు చోట్ల మట్టి కలిపి ఒకే నమూనాగా పంపితే ఖర్చు కలిసొస్తుంది.

కలిపేటప్పుడే బెంజీన్ గాల్లో కలిసిపోతుంది. బోరు నుంచి గొట్టంతో తీసిన మట్టి కోరు తెరిచిన వెంటనే, మూతి కోసిన సిరంజితో సుమారు 5 గ్రాములు తీసి మెథనాల్ ఉన్న సీసాలో వేయాలి. ఏ లోతు నుంచి తీయాలో ఇంధన ఆవిరిని పసిగట్టే చేతి పీఐడీ మీటరు చెబుతుంది: రీడింగు అత్యధికంగా ఉన్న చోట ఒకటి, దాని కింద శుభ్రంగా కనబడిన చోట ఒకటి. డీజిలుకు ఆ మీటరు మందంగానే స్పందిస్తుందని, దానిలోని 10.6 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టుల) అతినీలలోహిత దీపం మీథేన్‌ను అసలు చూడలేదని గుర్తుండాలి.

అపోహ: నీటి నమూనా ఎవరైనా బాటిలులో పట్టి ఇవ్వొచ్చు.

తాడుతో బావిలోకి దించే గొట్టం, అంటే బెయిలరు, గబగబా ముంచి తీస్తే బురద లేస్తుంది, ఆవిరయ్యేవి తగ్గిపోతాయి. నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్లు లాగే పంపుతో, మట్టం దాదాపు 10 సెంటీమీటర్లకు మించి దిగకుండా తోడాలి. మూడు నుంచి ఐదు నిమిషాలకొక రీడింగు తీస్తూ, వరసగా మూడింటిలో పీహెచ్ 0.1 లోపు, విద్యుత్ వాహకత 3 శాతం లోపు నిలిచాకే సీసా పట్టాలి.

సీసా 40 మిల్లీలీటర్లది, ల్యాబు ముందే ఆమ్లం వేసి ఇస్తుంది, దాన్ని కడగకూడదు. నీరు అంచు మీద ఉబ్బుగా నిలిచాక మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టండి. బఠాణీ గింజంత బుడగ కనబడితే ఆ సీసా పక్కన పెట్టి కొత్తది పట్టండి. జనరేటరులో పెట్రోలు పోసిన చేతితొడుగులతో సీసా ముట్టుకుంటే ల్యాబులో దొరికేది ఆ పెట్రోలే. పెట్టెలో ట్రిప్ బ్లాంకు (ల్యాబు నుంచే శుభ్రమైన నీటితో వచ్చి, తెరవకుండా తిరిగి వెళ్లే సీసా) ఒకటి ఉంటే దారిలో కలిసిన కాలుష్యం బయటపడుతుంది.

అపోహ: సూక్ష్మజీవులే తినేస్తాయి, వదిలేస్తే చాలు.

తింటాయి. కరిగిన ఆక్సిజన్, నైట్రేటు, సల్ఫేటు తగ్గి, కరిగిన ఇనుము, మీథేన్ పెరిగితే అది జరుగుతోందని గుర్తు. అయితే ఒక్కసారి తీసిన నమూనాతో ఇది తేలదు, అవే బావుల్లో వేర్వేరు కాలాల్లో చూడాలి. ఆక్టేన్ పెంచే ఎంటీబీఈ అనే రసాయనం కలిపిన పెట్రోలైతే ఆ ఆశ ఇంకా తక్కువ: అది నీటిలో బాగా కరుగుతుంది, దాదాపు నీటితో సమానంగా నడుస్తుంది, నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది.

అపోహ: ఆవిరి సంగతి చివర్లో చూసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. పెట్రోలు ఆవిరి గాలిలో 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, డ్రైనేజీ గొట్టాలు, కేబుల్ కందకాల వెంట అది ఎంతో దూరం పోతుంది. దీనికి పీఐడీ సరిపోదు, మండే వాయువులను కొలిచే మీటరు వేరే ఉండాలి. ఆ 1.4 శాతం మండే పరిమితిలో పదో వంతు (10 శాతం) చూపించగానే యంత్రాలు ఆపి మనుషులను ఖాళీ చేయించాలి. నమూనాలు తర్వాత తీసుకోవచ్చు.