కొంగు బిగించిన చోట, బట్ట విడిచిన చోట

2000 ఏప్రిల్‌లో మణిపూర్ రాజధాని ఇంఫాల్‌లో ‘ద్రౌపది’ అనే నాటకం ఆడారు. దర్శకుడు హైస్నాం కన్హయ్యలాల్. ప్రధాన పాత్ర ఆయన భార్య సాబిత్రిది. ఆమెకు అప్పటికి యాభై దాటాయి. సైనికులు చెరిచిన గిరిజన స్త్రీ పాత్ర అది. చివరి దృశ్యంలో ఆమె, కట్టుకోమని వాళ్ళు ఇచ్చిన బట్టను కాదని, ఒంటి మీద నూలుపోగు లేకుండా సైనికాధికారి మీదికి నడుస్తుంది. అతను జంకి వెనక్కి తగ్గుతాడు. నాటకం మీద అక్కడి పత్రికల్లో పెద్ద దుమారం లేచింది. రెండు ప్రదర్శనలతో ఇంఫాల్‌లో ఆపేయాల్సి వచ్చింది.

వరంగల్ సాహిత్య మిత్రుల మధ్య ఈ నాటకం మాట వస్తే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఇదేం కళ, సిగ్గు లేదా అనేది ఒకటి. ఇన్ని ఎన్‌కౌంటర్లు చూసిన గడ్డ మీద మన ఆడవాళ్ళ కళకు ఆ తెగువ ఎందుకు రాలేదన్నది ఇంకొకటి. మొదటి మాట అనేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. రెండోదానికి జవాబు చెప్పాలంటే మాత్రం కొంచెం వెనక్కి పోవాలి.

నాటకానికి మూలం మహాశ్వేతాదేవి 1970లలో బెంగాలీలో రాసిన కథ. నక్సల్బరీ తర్వాతి రోజులు. సంథాల్ గిరిజన కూలీ దోప్ది (ద్రౌపది పేరు అక్కడ అలా పలుకుతుంది), ఆమె భర్త దుల్నా అడవిలోకి పోతారు. దుల్నాను కాల్చేశాక సైనికులు శవాన్ని ఎరగా పెట్టి, దాని కోసం ఎవరొస్తారా అని మాటు వేస్తారు. ఎవరూ రారు. తర్వాత దోప్ది దొరుకుతుంది. సైనికాధికారి సేనానాయక్ ‘కావలసింది చేయండి’ అని సైగ చేసి వెళ్ళిపోతాడు. తెల్లారాక ఆమె తన గాయాల ఒంటితో అతని ముందుకొచ్చి నిలబడితే, చేతిలో ఆయుధం లేని మనిషిని చూసి అతను మొదటిసారి భయపడతాడు.

శవాన్ని ఎరగా పెట్టడమనే వివరం ఉత్తర తెలంగాణ పాఠకుడికి కొత్తగా అనిపించదు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మణిపూర్‌లో ఆ కథ అంతగా ఎందుకు అంటుకుంది? సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం 1958 నాటిది. 1980లో దాన్ని రాష్ట్రమంతా అమలు చేశారు. శాంతిభద్రతల కోసం అవసరమనుకుంటే ప్రాణం పోయేలా కాల్చే అధికారం సైన్యానికి ఇచ్చి, కేంద్రం అనుమతి లేనిదే ప్రాసిక్యూషన్ కుదరదని చెప్పే చట్టం ఇది. నాటకం ఆడిన ఏడాదే నవంబర్ 2న ఇంఫాల్ దగ్గరి మాలోం బస్టాప్‌లో పది మందిని కాల్చేశారు. దాంతో ఆ చట్టం రద్దు చేయాలని ఇరోం షర్మిల నిరాహార దీక్షకు కూర్చుంది. 2016 ఆగస్టు దాకా ఆమెకు ముక్కులో గొట్టం పెట్టి తిండి ఎక్కించారు. ఆత్మహత్యాయత్నం కింద కేసు పెట్టి ఏళ్ళ తరబడి ఆస్పత్రి గదిలోనే కస్టడీలో ఉంచారు.

కన్హయ్యలాల్, సాబిత్రి 1969లో పెట్టిన నాటక సంస్థ కళాక్షేత్ర మణిపూర్ ఈ వాతావరణంలోనే పెరిగింది. ఢిల్లీ నాటక విద్యాలయంలో భాష రాక ఇబ్బంది పడి బయటికి వచ్చినవాడు కన్హయ్యలాల్. అందుకేనేమో మాటల మీద నమ్మకం తగ్గించుకొని నటుల ఊపిరి, నడక, వెన్ను, కంటిచూపు మీద పనిచేశాడు. చట్టం మనుషులను ఒళ్ళుగా మాత్రమే చూస్తున్న చోట ఆ ఒంటితోనే నాటకం కట్టారు. ‘ద్రౌపది’ చివరి దృశ్యం రెచ్చగొట్టడానికి పుట్టిన ఆలోచన కాదు, దాని వెనక మూడు దశాబ్దాల సాధన ఉంది.

నాలుగేళ్ళ తర్వాత, 2004 జూలైలో తాంగ్జం మనోరమ అనే యువతిని కేంద్ర పారామిలటరీ దళం అస్సాం రైఫిల్స్ వాళ్ళు ఇంట్లోంచి తీసుకుపోయారు. తెల్లారి ఆమె శవం దొరికింది. జూలై 15న పన్నెండు మంది నడివయసు తల్లులు, అప్పట్లో అస్సాం రైఫిల్స్ స్థావరంగా ఉన్న కాంగ్లా కోట గేటు ముందు బట్టలు విడిచి ‘భారత సైన్యమా, మమ్మల్ని చెరుచు’ అనే బ్యానర్ పట్టుకున్నారు. చాలామంది సాబిత్రి నాటకం జోస్యం చెప్పిందన్నారు. నాకు ఆ పొగడ్త అంతగా నచ్చదు. ఆ తల్లులు నాటకం చూసి రాలేదు, మనోరమకు జరిగింది తట్టుకోలేక వచ్చారు. ఆ ఆగస్టులో ఇంఫాల్ మునిసిపల్ ప్రాంతంలో చట్టాన్ని ఎత్తేశారు, నవంబర్‌లో కాంగ్లా ఖాళీ అయింది. చట్టాన్ని సమీక్షించడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తెలుగువాడే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. రద్దు చేయమని 2005లో నివేదిక ఇచ్చారు. రద్దు చేయలేదు.

ఇక మన వైపు. 1978 సెప్టెంబర్‌లో దొరలకు ఎదురు తిరిగిన రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఇక్కడ సైన్యం లేదు, పోలీసులే. అంతకుముందే, ఎమర్జెన్సీ మొదలైన నెలలోపే, 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను చెట్లకు కట్టేసి కాల్చారని జస్టిస్ తార్కుండే నడిపిన పౌర నిజనిర్ధారణ కమిటీ తేల్చింది. 1985 సెప్టెంబర్ 3న పిల్లల డాక్టరు, పౌరహక్కుల నాయకుడు రామనాథాన్ని వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే చంపారు.

అడవిలో ఎవరు పోయినా కథ చివరికి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మార్చురీ దగ్గరికో, మరో జిల్లా ఆస్పత్రి దగ్గరికో చేరేది. ఉబ్బిపోయిన శవాల్లో తమవాళ్ళను పుట్టుమచ్చను బట్టో, పన్ను వరసను బట్టో గుర్తుపట్టే పని ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడేది. శవం కోసం పోతే పోలీసులు పేరు రాసుకుంటారన్న భయం. ఎర అంటే అదే. ఆ భయాన్ని దాటడానికే శవాల స్వాధీన కమిటీ, 2002లో అమరుల బంధుమిత్రుల సంఘం పుట్టాయి. శవాల కోసం తిరిగినవాళ్ళలో గద్దర్ కూడా ఉన్నాడు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చచ్చేదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. మార్చురీ గేటు ముందు తల్లి రాగం తీసి ఏడుస్తూ కొడుకు పుట్టుక నుంచి చావు దాకా చెబుతుంటే, చుట్టూ ఉన్న పోలీసులు తల తిప్పుకోవడం ఈ ప్రాంతం చూసింది. దాన్ని ఎవరూ కళ అనలేదు. నేను అంటాను.

మరి వేదిక మీద? నక్సలైట్ ఉద్యమ పాటల దళం జననాట్యమండలిలో మగ కళాకారుడు గోచీ బిగించి, గొంగడి వేసుకొని, ఛాతీ మీద చెమట మెరుస్తుండగా ఆడితే అది శ్రామికుడి ఒళ్ళు అన్నాం. పక్కన ఆడే అక్కచెల్లెళ్ళు కొంగు నడుముకు చుట్టి కోరస్‌లో నిలబడ్డారు. పాటల్లో ఆడది ఎక్కువగా కొడుకును పోగొట్టుకున్న తల్లి, లేదా అన్న కోసం ఎదురుచూసే చెల్లె. ఉద్యమ అభిమానులకు ఈ మాట కష్టంగా ఉంటుంది. కానీ ఆడదాని ఒంటికి తల్లితనం తప్ప వేరే రాజకీయం ఆ వేదిక ఇవ్వలేదు.

అలాగని దాన్ని ఊరికే పాతకాలపు సిగ్గు అని కొట్టిపారేయలేం. ఇక్కడ దొర గడీలో ఆడపాపలు ఉండేవాళ్ళు, పెళ్ళికూతురి వెంట సారెతో పాటు వచ్చి చచ్చేదాకా ఇంటి చాకిరీతో పాటు ఒళ్ళూ అప్పజెప్పాల్సినవాళ్ళు. నిజామాబాద్ జిల్లా ఊళ్ళల్లో దళిత ఆడపిల్లలను జోగినులను చేసి ఊరందరి సొత్తు అన్నారు. 1988లో చట్టం తెచ్చి నిషేధించాల్సి వచ్చింది. అదే జిల్లా నుంచి, ఊరూరా యక్షగానాలాడే చిందు కులం నుంచి వచ్చిన చిందు ఎల్లమ్మ వేషం కట్టి రాత్రంతా ఆడి గొప్ప కళాకారిణిగా నిలబడిందంటే, ఆ కులపు ఆడదాని ఒంటి మీద పడే చూపులన్నిటినీ దాటుకొనే. అందరి ముందూ ఆడాల్సిన, అడగకుండానే విప్పబడిన ఒళ్ళకు, కొంగు బిగించి కట్టుకోవడం కూడా ఎదురు తిరగడమే. 1978 తర్వాతి రైతుకూలీ సంఘాల్లో ఆడవాళ్ళు మొదట అడిగినవాటిలో దొర చెయ్యి తమ మీద పడొద్దన్నది కూడా ఉంది.

ఈ గొడవ తెలుగు కవిత్వంలో సూటిగానే నడిచింది. 1980ల్లో కవయిత్రి జయప్రభ పైటను తగలెయ్యాలని రాసింది. ప్రసవం, అబార్షన్, వంటిల్లు కవిత్వంలోకి వచ్చాయి. 1993లో స్త్రీవాద కవితల సంకలనం ‘నీలిమేఘాలు’ వచ్చింది. ఒళ్ళు కవిత్వమని, బూతని వెక్కిరించినవాళ్ళలో అభ్యుదయవాదులూ ఉన్నారు. అయితే దానికి గట్టి జవాబు వరంగల్ జిల్లా నుంచి వచ్చిన జూపాక సుభద్రది. ఆమె కవితలో కొంగు రొమ్ముకు కాపలా కాసే బట్ట కాదు. చెమట తుడుస్తుంది, గింజలు మూటగడుతుంది, పసిపిల్లకు పక్క అవుతుంది. కూలికి పోయే ఆడదానికి అది తోడు, దాన్ని ఎందుకు తగలెయ్యాలని అడిగింది. నా దృష్టిలో సాబిత్రి విడిచిన బట్టకూ, సుభద్ర వదలనన్న కొంగుకూ వైరం లేదు. ఒళ్ళు ఎవరిదో తేల్చేది మేమే అని ఇద్దరూ అన్నారు.

వేదిక మీద దొరకని చోటు మనవాళ్ళకు రోడ్డు మీద దొరికింది. 2011 సకలజనుల సమ్మెలో రహదారుల నడుమ బతుకమ్మ ఆడారు, వంటావార్పు పెట్టారు. పాడే ఆడవాళ్ళ వలయాన్ని చెదరగొట్టడం పోలీసులకు ఇబ్బందే. అంతకు పన్నెండేళ్ళ ముందే భువనగిరి గాయని బెల్లి లలితను చంపి 17 ముక్కలు చేశారు. తెలంగాణ కోసం పాడిన ఆడదాని ఒంటికి ఎలాంటి శిక్ష ఉంటుందో ఆ ఆడేవాళ్ళకు తెలియక కాదు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఇప్పుడు అదే వలయానికి పోలీసులే బందోబస్తు.

ఇంఫాల్ విషయంలోనూ కథ నున్నగా లేదు. 2023 మే నెలలో, రెండు వర్గాల ఘర్షణల మధ్య, కుకీ గిరిజన మహిళలను మణిపూర్ మెజారిటీ వర్గమైన మైతేయిల గుంపు వివస్త్రలను చేసి ఊరేగించింది. ఒకప్పుడు కాంగ్లా తల్లుల వెనక నిలిచిన మెయిరా పైబీలు, అంటే మైతేయి మహిళా సంఘాల వాళ్ళు, ఇప్పుడు ఎటువైపు ఉన్నారన్న ప్రశ్న గట్టిగా లేచింది. ఆడదాని ఒళ్ళు తనకు తానే న్యాయం వైపు నిలబడదు. ఎవరు విప్పారు, ఎవరి ముందు, ఎవరి ఇష్టంతో అన్నది ప్రతిసారీ అడగాల్సిందే.

సాబిత్రికి 2008లో పద్మశ్రీ ఇచ్చిన రాజ్యానికి దోప్ది మాత్రం ఇంకా గిట్టదు. 2016 సెప్టెంబర్‌లో హర్యానా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ కథను నాటకంగా ఆడితే సైన్యాన్ని అవమానించారని గొడవ చేశారు, యూనివర్సిటీ విచారణ వేసింది. 2021 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంగ్లిష్ సిలబస్ నుంచి ఆ కథను తీసేసింది. దాంతో పాటే తమిళ దళిత రచయిత్రులు బామ, సుకీర్తరాణి రచనలనూ తీసేసింది.