ఆటలో బంగారం ఎందుకు చౌకైపోయింది?

2025 మే నెలాఖరులో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో అమ్మకం పన్ను 1 శాతం నుంచి 2 శాతానికి పెరిగింది. కత్తులు, కవచాలు, చేపలు, దుంగలు ఏవైనా ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకునేది గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ అనే మార్కెట్లో. అక్కడ ఇప్పుడు వంద నాణేలకి అమ్మితే చేతికొచ్చేది తొంభై ఎనిమిదే. ఆట నడిపే జాగెక్స్ కంపెనీ ఎక్కడో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఉంది. ఆ మార్పుకి టెన్షన్ పడ్డవాళ్లు మాత్రం మన శ్రీకాకుళం జిల్లాలోనూ ఉన్నారు. ఆమదాలవలసలో డిగ్రీ చదువుతున్న మా అక్క కొడుకు ఫోన్ చేసి, "ఏటి మావయ్యా ఇది, రాత్రంతా కూకుని సంపాదిస్తే దాంట్లోనూ పన్నేనా?" అని గట్టిగానే అడిగాడు.

వాడి కోపంలో న్యాయముంది. ఆ ఆటలో మంచి భాగమంతా మెంబర్లకే. మెంబర్‌షిప్‌కి విదేశీ కంపెనీకి డబ్బు కట్టాలి, లేకపోతే ఆటలో నాణేలు పెట్టి బాండ్ కొనుక్కోవాలి. ఒక బాండ్‌తో 14 రోజుల మెంబర్‌షిప్ వస్తుంది. కార్డు లేని, ఇంట్లో అడగలేని కుర్రాడికి బాండే దిక్కు. 2015లో బాండ్లు వచ్చిన కొత్తలో ఒక్కోటి కొన్ని పదుల లక్షల నాణేలకి దొరికేది. ఇప్పుడు కోటి దాటింది. అంటే అదే పద్నాలుగు రోజుల కోసం అప్పటికంటే ఎన్నో రెట్లు నాణేలు పోగెయ్యాలి. ద్రవ్యోల్బణం అనే మాట వాడు క్లాసులో విన్నాడో లేదో గాని, దాని దెబ్బ మాత్రం బాండ్ ధరలో తిన్నాడు.

అసలు ఆటలో ధరలు ఎందుకు పెరుగుతాయి? గెడ్డ నీళ్లు చెరువులోకి వచ్చిపడుతూనే ఉండి, మదుం మూసేసి ఉంటే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. రాక్షసుణ్ణి చంపిన ప్రతిసారీ ఆట కొత్త నాణేలు పుట్టిస్తుంది. అవి ఎవరి జేబులోంచీ వచ్చినవి కావు, అంతకుముందు లేనివే. రూన్‌స్కేప్‌లో హై ఆల్కెమీ అనే మంత్రముంది. రూన్ ప్లేట్‌బాడీ అనే కవచం మీద ఆ మంత్రం వేస్తే కవచం మాయమై 39,000 నాణేలు చేతిలో పడతాయి. రాక్షసులు అలాంటి కవచాలు జారవిడుస్తూ ఉంటారు, లక్షల మంది మంత్రం వేస్తూ ఉంటారు. పుట్టిన డబ్బు ఎక్కడో ఒకచోట చావకపోతే అదే బంగారం రోజురోజుకీ చౌకవుతుంది.

ఈ సంగతి 1980ల్లోనే బయటపడింది. లూకస్‌ఫిల్మ్ వాళ్లు కమోడోర్ 64 కంప్యూటర్ల కోసం హ్యాబిటాట్ అనే ప్రపంచాన్ని తయారుచేశారు. 1986లో దాన్ని ప్రయోగాత్మకంగా నడిపారు. అందులో పుట్టిన ప్రతి పాత్రకీ 2,000 టోకెన్లు ఇచ్చేవారు, రోజూ లాగిన్ అయితే ఇంకో 100. సరుకులమ్మే యంత్రాలు ఊరంతా ఉండేవి, పాత వస్తువులు కొనుక్కునే యంత్రాలు వేరే ఉండేవి. ఒకచోట ధర తప్పుగా పెట్టడంతో 75 టోకెన్లకి బొమ్మ కొని, ఊరికి అవతల ఉన్న యంత్రంలో 100కి అమ్ముకునే వీలు దొరికింది. ఇంకోచోట 18,000కి దొరికే స్ఫటిక గోళాన్ని మరోచోట 30,000కి కొంటున్నారు. కొందరు ఇది కనిపెట్టి, ముందు బొమ్మలతో పెట్టుబడి కూడబెట్టి, తర్వాత గోళాలకి ఎక్కి, రాత్రంతా ఆ రెండు యంత్రాల మధ్యే తిరిగారు. తెల్లారేసరికి ఆ ప్రపంచంలో ఉన్న మొత్తం డబ్బు ఐదింతలైంది. తయారుచేసిన చిప్ మార్నింగ్‌స్టార్, రాండల్ ఫార్మర్ తర్వాత రాసిన వ్యాసంలో ఇది వివరంగా ఉంది. నాకు ఇందులో నచ్చింది తర్వాత జరిగిన సంగతి. ఆ డబ్బుని వాళ్ల దగ్గరే ఉండనిచ్చారు, వాళ్లు దాంతో మిగతా ఆటగాళ్లందరి కోసం నిధి వేట పోటీలు పెట్టారు.

1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ ఇంకో దారి పట్టింది. లోకంలో సరుకు, బంగారం ఇంతే అని లెక్కగట్టి, ఖర్చయినదే మళ్లీ పుట్టేలా పెట్టుకున్నారు. కాగితం మీద ఇంతకన్నా న్యాయమైన పద్ధతి ఉండదు. కానీ ఆటగాళ్లు దొరికిందల్లా పెట్టెల్లో దాచుకున్నారు. దాచింది ఖర్చవదు, ఖర్చవనిది మళ్లీ పుట్టదు. కొత్తగా వచ్చినవాడికి ఏరుకోవడానికి ఏమీ మిగల్లేదు. దాంతో ఆ లెక్క వదిలేసి డబ్బు ధారాళంగా పుట్టనిచ్చారు. దానికి తోడు నాణేల్ని రెట్టింపు చేసే బగ్‌లు. ఆటగాళ్ల భాషలో చెప్పాలంటే డూప్. ధరలు ఆకాశాన్నంటాయి.

2001లో ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా అనే ఆర్థికవేత్త ఎవర్‌క్వెస్ట్ ఆటలోని డబ్బు డాలర్లలో ఎంత చేస్తుందో వేలంపాటల ధరలు చూసి లెక్కగట్టాడు. ఆ ఊహాలోకంలో తలసరి ఉత్పత్తి ఏడాదికి 2,266 డాలర్లు తేలింది. రష్యా, బల్గేరియాల మధ్య స్థానం. అప్పటి మన దేశపు తలసరి అందులో పావు వంతు కూడా లేదు. ఆట డబ్బు ఉత్తుత్తిది అని కొట్టిపారేయడం ఆ రోజుతో చెల్లిపోయింది.

డయాబ్లో 2లో బంగారం విలువ ఎంతగా పడిపోయిందంటే, ఆటగాళ్లు దాన్ని పక్కనపెట్టి స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే ఉంగరాన్నే కరెన్సీ చేసుకున్నారు. సంచిలో ఒక్క గడి చాలు, అందరికీ పనికొచ్చేదే, బంగారంలా ఇంతకు మించి పట్టుకోకూడదనే హద్దూ లేదు. తర్వాత ఆ ఉంగరాలకే డూప్‌లు వచ్చాయి. 2003లో కంపెనీ తెచ్చిన ప్యాచ్, అంటే ఆటకి చేసిన సవరణ, తెలివైనది. ఆ ఉంగరాల్ని దుకాణదారుకి అమ్ముతూ పోతే, ఒక లెక్క దాటాక మామూలుకన్నా భయంకరమైన డయాబ్లో లేచి వస్తాడు. వాణ్ణి చంపితే మరెక్కడా దొరకని వస్తువు దొరుకుతుంది. ఎవర్నీ శిక్షించకుండా, ఆటగాళ్లే పోటీపడి దొంగ ఉంగరాల్ని తగలేసుకునేలా చేశారు.

అదే సంస్థ డయాబ్లో 3లో మాత్రం వేలంశాల పెట్టి, అసలు డబ్బుతో కూడా కొనుగోళ్లకి తలుపు తీసింది. 2013 మేలో వచ్చిన ఒక ప్యాచ్‌తో వేలంశాలలో బంగారం రెట్టింపయ్యే బగ్ వచ్చి, హడావుడిగా వేలంశాల మూసేయాల్సి వచ్చింది. 2014 మార్చిలో దాన్ని పూర్తిగా ఎత్తేశారు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో వేలంలో 5 శాతం కోత, కవచం రిపేరుకి ఖర్చు, గుర్రాలకీ వాహనాలకీ పెద్ద పెద్ద ధరలు పెట్టారు. 2018లో ఒక వాహనానికి 50 లక్షల బంగారు నాణేలు ధర కట్టారు. కావాలనుకున్న ధనవంతుడు కొంటాడు, అతని డబ్బు ఆటలోంచి పోతుంది, ఇందులో నాకు అభ్యంతరం లేదు. రిపేరు ఖర్చు అలాంటిది కాదు. అది ఉన్నవాడి మీదా లేనివాడి మీదా దాదాపు ఒకేలా పడుతుంది. కొత్తవాడు రెండుసార్లు చస్తే మూడోసారి పోరాడటానికి డబ్బుండదు. డబ్బు తగ్గించే ఏర్పాటు ఏదైనా ముందు ఇదే చూడాలి: ఎవడి దగ్గర తగ్గిస్తోంది?

మళ్లీ రూన్‌స్కేప్‌కి వద్దాం. 2007 డిసెంబర్లో, అసలు డబ్బుకి నాణేలు అమ్మేవాళ్లని ఆపాలని, జాగెక్స్ ఆటగాళ్ల మధ్య స్వేచ్ఛగా ఇచ్చిపుచ్చుకోవడాన్నే నిషేధించింది. నాణేలు అమ్మేవాళ్లతో పాటు, స్నేహితుడికి ఒక కత్తి బహుమతిగా ఇద్దామనుకున్నవాడూ ఆ నిషేధంలో చిక్కుకున్నాడు. జనం ఆట వదిలి వెళ్లిపోయారు. ఆటగాళ్ల ఓటు తీసుకుని 2011 ఫిబ్రవరిలో నిషేధం ఎత్తేశారు.

నాణేలు అమ్మేవాళ్లు పోలేదు. వెనిజులాలో బొలివార్ విలువ కుప్పకూలినప్పుడు అక్కడి జనం ఎంతోమంది ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో పచ్చ డ్రాగన్లని చంపుతూ, సంపాదించిన నాణేలు డాలర్లకి అమ్ముకుని బతికారు. తమ దేశపు కరెన్సీ కంటే ఆటలో బంగారమే నిలకడగా ఉంది వాళ్లకి. వాళ్లని ఆటలో వేటాడి చంపడం కొందరికి సరదా అయింది. కూలి కోసం గుజరాత్‌లోని వేరావల్ పడవల మీదికి వెళ్లే జనం ఉన్న జిల్లాలు మనవి, ఆ డ్రాగన్ల దగ్గర నిలబడినవాళ్లని దొంగలనడానికి నాకు నోరు రాదు. కానీ లెక్క లెక్కే. ఇరవై నాలుగు గంటలూ ఆడే మనుషులు, వాళ్లకంటే ఎక్కువగా నిద్రలేని బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రాములు) కలిసి పుట్టించిన సరుకూ నాణేలూ చివరికి అదే మార్కెట్లో కలిశాయి.

2021 డిసెంబర్లో 1 శాతం పన్ను ఈ నేపథ్యంలో వచ్చింది. దాని అమరిక చాలావరకు మంచిది. పన్ను కింద పోయిన నాణేలు ఆటలోంచి పోతాయి. అందులో కొంత భాగంతో ఆటే మార్కెట్లోకి వెళ్లి కొన్ని ఖరీదైన వస్తువులు కొని తుడిచేస్తుంది. దాంతో మార్కెట్లో ఎక్కువగా పోగుపడే అలాంటి వస్తువుల ధరలు మరీ పడిపోకుండా ఉంటాయి. కొత్తవాళ్లకి కావలసిన ఉలి, సుత్తి, రంపం, పార లాంటి పనిముట్ల మీద పన్ను లేదు. బాండ్ల మీదా లేదు. మరీ చిన్న ధర ఉన్నవాటికి శాతం లెక్క సున్నాకి దిగిపోతుంది. అందుకే మా వాడితో కూడా పన్నుని తిట్టుకోవద్దనే చెప్పాను.

తిట్టాల్సింది వేరే ఉంది. ఒక వస్తువు మీద పన్ను 50 లక్షల నాణేలకి మించకూడదని పరిమితి పెట్టారు. వంద కోట్ల నాణేలకి విల్లు అమ్మేవాడు రెండు శాతం కట్టాలంటే రెండు కోట్లు కట్టాలి. కడుతున్నది 50 లక్షలే, అంటే అర శాతం. ఒక మోస్తరు ధర ఉన్న కవచం అమ్ముకునేవాడు మాత్రం పూర్తి రెండు శాతం కడుతున్నాడు. బంగారం గుట్టలుగా పేరుకున్నది పెద్దవాళ్ల దగ్గరైతే, కోత ఎక్కువ శాతం పడుతున్నది చిన్నవాళ్ల మీద. పన్ను 1 నుంచి 2కి పెంచినప్పుడు ఆ పరిమితిని కూడా కదిలించి ఉండాల్సింది. పైగా పన్ను ఎంత పెంచినా, కొత్త అప్‌డేట్‌లో వచ్చే ప్రతి పెద్ద రాక్షసుడూ మంత్రంతో నాణేలుగా మారే కవచాల్ని కుప్పలుగా విడుస్తుంటే లాభం ఉండదు. ఎంత పుట్టించాలో నిర్ణయించేది ఆటగాడు కాదు, కంపెనీయే.

2003లో వచ్చిన ఈవ్ ఆన్‌లైన్ ఆట వాళ్లు 2007లో ఒక ఆర్థికవేత్తని ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఆ ఆటలో ఏ పని వల్ల ఎంత డబ్బు పుట్టింది, ఏ ఫీజుల్లో ఎంత పోయింది అనేది ఇప్పుడు నెలనెలా నివేదికగా బయటపెడుతున్నారు. రూన్‌స్కేప్ ఆడే మన కుర్రాళ్లు పన్ను రద్దు చేయమని గొడవపడే బదులు అడగాల్సినవి రెండు: ఆ 50 లక్షల పరిమితి తీసేయడం, అలాంటి లెక్క నెలనెలా అందరికీ చూపించడం.