నిప్పు గీతకు నూట అరవై ఏళ్లు

శివరాత్రి వచ్చేసరికి నల్లమలలో టేకు, తునికి ఆకు రాల్చేస్తుంటాయి. కింద గలగలలాడే ఆకు, నడుమెత్తున ఎండిన గడ్డి. ఆర్పకుండా పడేసిన బీడీ ముక్క చాలు. ఆ మంటకు అడ్డుగా చలికాలంలోనే గడ్డి కోసి, ఆకు ఊడ్చి, మట్టి కనిపించేలా చేసే ఖాళీ పట్టీలను అటవీ సిబ్బంది ఫైర్‌లైన్లు, అంటే నిప్పు గీతలు, అంటారు. అవి మన అడవుల్లోకి ఎలా వచ్చాయో తెలిస్తే ఈనాటి తగువులు సగం అర్థమవుతాయి.

రైలు పట్టాల కింద వేసే దిమ్మెల కోసం టేకు, సాల కలప విపరీతంగా కావలసివచ్చిన రోజులవి. 1864లో జర్మనీవాడైన డీట్రిచ్ బ్రాండిస్ దేశానికి తొలి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. ఆ దశకంలోనే సాత్పురా కొండల్లోని బోరీ అడవిలో పియర్సన్ అనే సైనికాధికారి గీతలు తీయించి, కాపలా పెట్టి, నిప్పును బయటే ఆపి చూపించాడు. అదే పద్ధతి తక్కిన అడవులకూ పాకింది. వెనకే చట్టాలు వచ్చాయి: 1878లో ఒకటి, కర్నూలు, కడప ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1882లో విడిగా మరొకటి. 1927 భారత అటవీ చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం.

అంతకుముందు ఆ నిప్పు జనం చేతి పనిముట్టు. పశువులకు కొత్త గడ్డి మొలవాలని కాల్చేవారు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవారు. తునికి చిగురు బాగా రావాలని కాల్చేవారు. ఆ అలవాట్లు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. గీత పడగానే వాళ్లంతా నేరస్తుల వైపుకు వెళ్లిపోయారు. మొదటి తప్పు అక్కడే జరిగిందని నా నమ్మకం. నిప్పును ఎప్పుడు, ఏ గాలికి పెట్టాలో తెలిసినవాళ్లను కాపలాకు పిలవకుండా, వాళ్ల మీదే కాపలా పెట్టారు.

అడవి కూడా ఎదురు జవాబు చెప్పింది. బర్మాలో ఏళ్ల తరబడి నిప్పు తగలకుండా కాపాడిన చోట్ల వెదురు, పొదలు కమ్ముకుని టేకు మొక్క లేవడం కష్టమైంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి అధికారులే చాలాచోట్ల పట్టు సడలించారు. 1921లో హిమాలయాల్లోని కుమావూ కొండల్లో వెట్టిచాకిరికీ, అటవీ ఆంక్షలకూ ఎదురుతిరిగిన జనం పైన్ అడవులను పెద్దఎత్తున తగలబెట్టారు. ప్రభుత్వం విచారణ సంఘం వేసి కొన్ని ఆంక్షలు ఎత్తేసింది. 1931లో ఊరివాళ్లే అడవిని చూసుకునే వన పంచాయతీలు వచ్చాయి.

గీత పనికిరానిదా అంటే, కానే కాదు. మన ఆకురాల్చే అడవుల్లో మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది. కాలిఫోర్నియా, ఆస్ట్రేలియాల్లో లాగా చెట్ల తలల మీదుగా దూకి, నిప్పురవ్వలు మైళ్లు ఎగిరి అంటుకోవడం ఇక్కడ అరుదు. అందుకే కొన్ని మీటర్ల బోడి నేల చాలాసార్లు మంటను ఆపుతుంది. ఆపలేకపోయినా, మనుషులు నిలబడి పచ్చి కొమ్మలతో కొట్టడానికో, మంట వచ్చేలోపే ముందున్న ఆకును కాల్చేసే ఎదురు నిప్పు పెట్టడానికో చోటిస్తుంది. అడవి అంచున మామిడి తోట ఉన్న రైతుకు గట్టు చుట్టూ నాలుగు సాళ్లు దున్నిన నేల ఈ పనే చేస్తుంది. గడ్డివామి చుట్టూ చెత్త లేకుండా ఊడ్చినా అంతే. మంట అటు నుంచే రావాలనేమీ లేదు. చేలో కొయ్యకాలు తగలబెడితే అడవిలోకి పాకిన సందర్భాలూ ఉన్నాయి.

2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అంటుకున్నప్పుడు హెలికాప్టర్లతో నీళ్లు పోయాల్సివచ్చింది. ఎక్కడ అంటుకుందో చెప్పే పని 2004 నుంచి ఉపగ్రహాలు చేస్తున్నాయి. 2017 నుంచి మరింత సూక్ష్మంగా చూపే సమాచారమూ తోడైంది. హెచ్చరిక సిబ్బంది ఫోన్‌కే వస్తోంది. ఆ చోటికి నడిచి వెళ్లాల్సింది మాత్రం మనిషే.

జనవరిలో ఊడ్చిన గీత మీద మార్చికి మళ్లీ ఆకు పడుతుంది. రెండోసారి ఊడవకపోతే మొదటి కూలి అంతా వృథా. మంటల కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా సాగుతుంది. ప్రభుత్వ లెక్కల సంవత్సరం సరిగ్గా దాని నడుమ, మార్చి 31న ముగుస్తుంది. రెండో ఊడ్పు కూలీ ఆ తేదీ దగ్గర చిక్కుకోకుండా చూడాలి. ఆ కూలిపనిలో మొదటి పిలుపు అంచు ఊళ్లవాళ్లకు, చెంచుల గూడేలైన పెంటల వాళ్లకు అందాలి.