ఒక కేబీ ఐకాన్ వెనక కథ

పెన్‌డ్రైవ్‌లు కొత్తగా చేతికొచ్చిన రోజులు. డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టు ప్రింట్లు తీయించుకుందామని జిరాక్స్ సెంటర్‌కి వెళ్లాను. మర్నాడే సబ్మిషన్. పెన్‌డ్రైవ్ పెట్టి డబుల్ క్లిక్ చేస్తే ఫైలు తెరుచుకోదే! టార్చిలైటు బొమ్మ ఒకటి కాసేపు అటూ ఇటూ వెతికి చివరికి చేతులెత్తేసింది. సెంటర్ కుర్రాడు వచ్చి, సైజు ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు. 1 కేబీ. “ఇది షార్ట్‌కట్ అన్నా. ఫైలు ఇంట్లోనే ఉండిపోయింది” అన్నాడు. అతనికిది కొత్త కాదని ముఖం చూస్తేనే తెలిసింది.

ఆ ఐకాన్‌ని ముందు రోజే మా తమ్ముడు నాకు వీలుగా ఉంటుందని డెస్క్‌టాప్ మీద పెట్టాడు. దాని కింది మూలన చిన్న బాణం గుర్తు ఉంది. నేను చూశాను కూడా. డిజైన్ అనుకున్నాను.

డెస్క్‌టాప్ ఐకాన్లు తేలిగ్గా వాడుకునేలా ఉండాలంటే ఏం చేయాలన్న చర్చ ఎప్పుడూ సైజు, రంగు, వరస చుట్టూనే తిరుగుతుంది. అవి చిన్న విషయాలని కాదు. గురి ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరగా ఉంటే అంత త్వరగా చెయ్యి అక్కడికి చేరుతుందని పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్టు 1954లోనే లెక్క కట్టి చూపించాడు. మౌస్‌కీ ఆ లెక్కే. కానీ నా ప్రాజెక్టు ఐకాన్ గుమ్మడికాయంత ఉన్నా ఆ రోజు నాకు ప్రింటు వచ్చేది కాదు. తెర మీది బొమ్మ ఆ వస్తువేనా, లేక వస్తువు ఎక్కడుందో చెప్పే చీటీయా? చిక్కంతా అక్కడుంది. ఇది ఐకాన్ పుట్టినప్పటి నుంచీ నలుగుతున్న ప్రశ్నే.

కంప్యూటర్ బొమ్మకు ‘ఐకాన్’ అని పేరు పెట్టినవాడు డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్. 1975లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ కోసం ‘పిగ్మేలియన్’ అనే ప్రోగ్రామ్ తయారుచేస్తూ, ఆ మాటను రష్యన్ ఆర్థడాక్స్ చర్చి నుంచి తెచ్చుకున్నాడు. అక్కడ ఐకాన్ అంటే పునీతుల పటం. ఉత్త పటం కాదు, ఆ పునీతుడి పవిత్రత అందులోనే ఉందని నమ్మి మొక్కుతారు. మన లెక్కలో చెప్పాలంటే కిరాణా కొట్టువాళ్లిచ్చిన క్యాలెండర్ మీది వెంకన్న బొమ్మ కాదు, ప్రాణప్రతిష్ఠ చేసిన మూర్తి. స్మిత్ అనుకున్నదీ అదే. బొమ్మను కదిపితే అసలుది కదలాలి.

తర్వాత స్మిత్ జిరాక్స్‌లో చేరాడు. ఆ కంపెనీ 1981 ఏప్రిల్‌లో ‘స్టార్’ అనే ఆఫీసు కంప్యూటర్ విడుదల చేసింది. ధర 16 వేల డాలర్ల పైమాటే. ఐకాన్ల మీద అప్పట్లో వాళ్లు పెట్టిన శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. నాలుగు రకాల బొమ్మల సెట్లు గీయించి, మనుషుల్ని కూర్చోబెట్టి ఏది గుర్తుపడుతున్నారో, ఎక్కడ తికమకపడుతున్నారో పరీక్షించారు. ఇప్పటికీ మనం చూసే మూల మడిచిన కాగితం బొమ్మ అక్కడ పనిచేసిన నార్మ్ కాక్స్‌దే. మెనూకి వాడే మూడు అడ్డగీతలూ ఆయనవే.

స్టార్‌లో ఎవరూ ‘ప్రోగ్రామ్ ఓపెన్ చేయడం’ అనే పని చేసేవాళ్లు కాదు. తెర మీద కాగితం, ఫోల్డరు, ఫైల్ డ్రాయర్, ప్రింటరు, వచ్చిన ఉత్తరాల ట్రే, పంపాల్సిన ఉత్తరాల ట్రే ఉండేవి. కాగితాన్ని తీసుకెళ్లి ప్రింటర్ బొమ్మకిస్తే ప్రింటయ్యేది. కనిపించేదే వస్తువు, రెండో మాట లేదు. అంత పద్ధతిగా ఉన్న యంత్రం అమ్ముడుపోకపోవడం వేరే కథ.

1984లో వచ్చిన ఆపిల్ కంప్యూటర్ మాకింటోష్‌ (మాక్)కి బొమ్మలు గీసింది సుసాన్ కేర్. 32 అడ్డం, 32 నిలువు గళ్లు, నలుపు తెలుపు తప్ప రంగు లేదు. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ గీసింది. చుక్కల ముగ్గు వేసే వాళ్లకు ఈ పని ఎలాంటిదో విడమరిచి చెప్పక్కర్లేదు. మాక్‌లోనూ చాలావరకు బొమ్మే వస్తువు. ప్రోగ్రామ్ ఐకాన్‌ని చెత్తబుట్టలో వేసి ఖాళీ చేస్తే ప్రోగ్రామే పోతుంది.

ఒక్కచోట మాత్రం దారి తప్పింది. తొలి మాక్‌కి ఒకటే ఫ్లాపీ డ్రైవు. ఫ్లాపీ బయటకు తీసినా దాని బొమ్మ వెలిసిపోయి తెర మీదే మిగిలేది. ఆ బొమ్మను వదిలించుకోవాలంటే చెత్తబుట్టలోకి లాగాలి. పోనుపోను డిస్కు బయటికి తీయడానికే అది అలవాటైపోయింది. మెనూకి వెళ్లనక్కర్లేదు, లాగి బుట్టలో పడేస్తే ఫ్లాపీ బయటికొస్తుంది. కొత్తవాళ్లకు మాత్రం గుండె జారేది. ఫైలుని అందులో వేస్తే పోతుంది, ఫైళ్లన్నీ ఉన్న డిస్కుని వేస్తే క్షేమంగా బయటికొస్తుంది! మాక్ ఓఎస్ టెన్‌లో ఆపిల్ దీనికి మందు కనిపెట్టింది. డిస్కుని లాగడం మొదలుపెట్టగానే చెత్తబుట్ట బొమ్మ పోయి ఎజెక్ట్ గుర్తు వస్తుంది.

మైక్రోసాఫ్ట్ ఇంకో దారిలో వచ్చింది. 1990 నాటి విండోస్ 3.0లో ప్రోగ్రామ్‌లు తెరిచే చోటు ‘ప్రోగ్రామ్ మేనేజర్’. దాని లోపలి ఐకాన్లన్నీ చీటీలే. డిలీట్ చేస్తే చీటీ పోతుంది, ప్రోగ్రామ్ డిస్కులో ఎక్కడిదక్కడే. తెర అడుగున కనిపించేవి మళ్లీ వేరు, అవి మినిమైజ్ చేసిన ప్రోగ్రామ్‌లు. ఈ విండోస్‌కి ఐకాన్లు గీసిందీ సుసాన్ కేరే. చెయ్యి ఒకటే అయినా బొమ్మకు అర్థం మారిపోయింది.

1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చి ఈ రెండు పద్ధతులనూ ఒకే తెర మీద కలిపేసింది. డెస్క్‌టాప్ మీద అసలు ఫైలూ పెట్టుకోవచ్చు, షార్ట్‌కట్టూ పెట్టుకోవచ్చు. తేడా చెప్పేది మూలనున్న ఆ బుల్లి బాణం ఒక్కటే. (ఆపిల్ 1991లో మాక్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ 7తో ఇలాంటిదే తెచ్చి, తేడా తెలియడానికి పేరుని వాలు అక్షరాల్లో చూపించింది. అదేమంత మెరుగు కాదు.) పైగా మౌస్‌తో లాగితే ఏమవుతుందో నమ్మకం లేదు. అదే డ్రైవులో లాగితే ఫైలు జరుగుతుంది, వేరే డ్రైవుకి లాగితే కాపీ అవుతుంది, ప్రోగ్రామ్ ఫైలుని లాగితే అప్పట్లో షార్ట్‌కట్ తయారయ్యేది. చెయ్యి చేసే పని ఒకటి, ఫలితాలు మూడు. ‘ఐకాన్ తీసేస్తే సాఫ్ట్‌వేర్ పోతుందా అండీ?’ అని కంప్యూటర్ కోచింగ్ సెంటర్లలో అడిగినవాళ్లను చూసి నవ్వేవాళ్లం కానీ, ఆ సందేహంలో వాళ్ల తప్పేమీ లేదు.

ఇక్కడ డబ్బు కూడా వచ్చి కలిసింది. కొన్న ప్రతివాడూ మొదట చూసేది డెస్క్‌టాప్‌నే కాబట్టి ఆ స్థలం మెయిన్ రోడ్డు మీది షాపులాంటిదైంది. కాంపాక్ కంపెనీ తన ప్రెసారియో కంప్యూటర్ల తెర మీది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (మైక్రోసాఫ్ట్ బ్రౌజర్) ఐకాన్ తీసేస్తే, విండోస్ లైసెన్సు రద్దు చేస్తామని మైక్రోసాఫ్ట్ 1996లో నోటీసిచ్చింది. కాంపాక్ ఐకాన్‌ని తిరిగి పెట్టింది. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద వేసిన గుత్తాధిపత్యం కేసులో ఈ సంగతి కూడా ఉంది. ఆలోచిస్తే వింతగా ఉంటుంది. తీసింది చీటీని మాత్రమే, బ్రౌజర్ లోపల అలాగే ఉంది. అయినా కంపెనీలు కొట్టుకున్నది చీటీ కోసమే. 2001 జులైలో మైక్రోసాఫ్ట్ పట్టు సడలించి, ఆ ఐకాన్ తీసేసే వీలు తయారీదారులకిచ్చింది.

అదే ఏడాది వచ్చిన విండోస్ ఎక్స్‌పీని తెరిస్తే తెర మీద రీసైకిల్ బిన్ ఒక్కటే. మిగతాదంతా పచ్చని కొండ. వాడని ఐకాన్లు పేరుకుంటే 60 రోజులకోసారి ‘శుభ్రం చేయమంటారా’ అని అడిగే ‘విజర్డ్’ అనే చిన్న సాయం ప్రోగ్రామ్ కూడా పెట్టారు. అది షార్ట్‌కట్లనే ఎత్తి ఒక ఫోల్డర్‌లో వేసేది, ఫైళ్ల జోలికి పోదు. తెలివైన పనే. కానీ ఆ సంగతి తెలియని జనం భయపడి ‘వద్దు’ నొక్కేవాళ్లు. నేనూ నొక్కాను.

తెలుగుకు యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ ఒకటే లెక్క ఇచ్చే పద్ధతిలో) విండోస్ చోటిచ్చింది కూడా ఎక్స్‌పీతోనే, గౌతమి ఫాంటుతో. ఐకాన్ కింద పేరు తెలుగులో రాసుకోవచ్చు. తీరా రాస్తే రెండు లైన్లలో మన పేర్లు పట్టవు, చివర చుక్కలు పడతాయి. ఏ డీటీపీ షాపులోనైనా చూడండి, ‘పెళ్లికార్డు రమేష్ ఫైనల్’, ‘పెళ్లికార్డు రమేష్ ఫైనల్ 2’, ‘పెళ్లికార్డు రమేష్ ఫైనల్ కరెక్షన్’ పక్కపక్కనే ఉంటాయి. తేడా అంతా చివరి మాటలో ఉంటే, విండోస్ కోసేది ఆ చివరి మాటనే. మాక్ అయితే పేరుని మధ్యలో కోసి మొదలూ చివరా చూపిస్తుంది. ఇంత చిన్న ఆలోచనతో ఎన్ని తప్పు ప్రింట్లు తప్పేవో!

బొమ్మల సంగతీ అంతే. ఆ పసుపు ఫోల్డరు అమెరికా ఆఫీసుల్లో వాడే చెవి ఉన్న అట్ట కవరు. మన కచేరీల్లో ఫైలంటే గట్టి అట్ట మధ్య నాడాతో కట్టిన కాగితాల కట్ట. కంప్యూటర్‌కేమో ఫైలంటే ఒక్క కాగితం, కట్టకు పేరు ఫోల్డరు. ఎంఆర్‌వో ఆఫీసులో ముప్ఫై ఏళ్లు చేసిన మా బాబాయికి ఈ రెండూ తిరగేసి ఎందుకున్నాయో చివరిదాకా మింగుడుపడలేదు. నేనైతే అసలు అట్ట కవరుని ఏదో హాలీవుడ్ సినిమాలో చూసి ‘అరె, కంప్యూటర్ ఫోల్డర్‌లా ఉందే’ అనుకున్నాను.

ఈ గొడవంతా ఎందుకని విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ తయారుచేసేవాళ్లలో కొందరు డెస్క్‌టాప్ మీద ఐకాన్లనే ఎత్తేశారు. 2011లో వచ్చిన గ్నోమ్ 3 అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో మామూలుగా తెర ఖాళీ. 2018లో తెర మీద ఐకాన్లు చూపించే కోడ్ కూడా ఫైల్ మేనేజర్ నుంచి తీసేశారు. జనం ఊరుకోలేదు, ఉబుంటు అనే లినక్స్ రకం వేరే ఎక్స్‌టెన్షన్‌తో (అదనపు ముక్కతో) ఐకాన్లను వెనక్కి తెచ్చింది. 2018లోనే ఆపిల్ తన మాక్ ఓఎస్ మొజావేలో ‘స్టాక్స్’ పెట్టింది. చెల్లాచెదురైన ఫైళ్లను రకాన్ని బట్టి గుట్టలుగా పేరుస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. గుట్టలో ఏముందో మాత్రం నొక్కితే గానీ తెలియదు.

పాత ప్రశ్న ఇప్పుడు ఇంకో వేషంలో వచ్చింది. 2017 నుంచి విండోస్ 10లో వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో లేకపోయినా ఐకాన్లు కనిపిస్తాయి. ఈసారి బాణం లేదు, బుల్లి నీలం మబ్బు గుర్తు ఉంటుంది. మబ్బుంటే ఫైలు ఎక్కడో సర్వర్‌లో ఉన్నట్టు, పచ్చని టిక్కుంటే మన దగ్గరే ఉన్నట్టు. పేరు అదే, బొమ్మ అదే, పక్కన చూపించే సైజు కూడా అసలు ఫైలుదే. 1 కేబీ అని చూసి పట్టుకునే వీలు కూడా లేదు. నెట్ లేని చోట రైల్లో కూర్చుని డబుల్ క్లిక్ చేసినప్పుడు తెలుస్తుంది, ఫైలు ఇంట్లో కూడా లేదని.